గ్యాసేలే!

ఆ రాత్రి అమ్మకి గుండెల్లో నొప్పి రాలేదు. దవడ లాగింది, చెమటలు పోశాయి, కడుపులో తిప్పింది. "గ్యాసేలే" అనుకుని వాము నమిలి పడుకుందట. తెల్లారాక ఆస్పత్రికి తీసుకెళ్తే వాళ్ళూ గ్యాస్ మాత్రే ఇచ్చారు. ఈసీజీ తీసేసరికి మధ్యాహ్నమైంది. అంతకుముందు ఏడాది నాన్న ఛాతీ పట్టుకోగానే ఆటో పిలిచింది ఆవిడే.

తర్వాత కూర్చుని చదివాను. గుండెపోటులో ఆడవాళ్ళకి కూడా ఎక్కువగా వచ్చేది ఛాతీనొప్పే. కానీ వికారం, ఆయాసం, దవడనొప్పి లాంటివి మగవాళ్ళలో కన్నా వీళ్ళలో ఎక్కువ. షుగరుంటే నొప్పి తెలియకపోనూవచ్చు. అమ్మకి ఇరవయ్యేళ్ళుగా షుగరు. ఆస్పిరిన్ గుండెపోటుని ఆపుతుందా అని 1980లలో అమెరికాలో 22,071 మంది డాక్టర్ల మీద పరీక్షించారు. అందులో ఒక్క ఆడమనిషి లేదు. మగవాళ్ళలాంటి గుండెజబ్బే తమకీ ఉందని రుజువైతే తప్ప ఆడవాళ్ళకి అదే వైద్యం అందడం లేదని 1991లో బెర్నడిన్ హీలీ అనే గుండె డాక్టరు రాసింది.

అమ్మ బతికింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

"రాత్రే నన్ను లేపొచ్చు కదమ్మా?"

"పొద్దున్నే నీకు ఆఫీసు కదరా."

ఆస్పత్రి వాళ్ళమీద కోపం ఇంకా పోలేదు. కానీ మొదటి ఆరుగంటలూ ఇంట్లోనే గడిచిపోయాయి. పక్కగదిలో నేను నిద్రపోతున్నాను.