చిల్లర నాణెములలోని లోపములు

చేతికి వచ్చిన చిల్లరను లెక్కించి సంచిలో వేసికొనుట యందఱికిని అలవాటు. దానిని పరికించి చూచువారు అరుదు. నాకు కొన్ని యేండ్లుగా ఆ పరికించుటయే వినోదము. మా యుప్పాడలో చేపల బేరము సాగినంతకాలము చిల్లరకు కొదువ లేదు.

మొదట టంకశాల గుర్తులను తెలిసికొనవలెను. సంవత్సరము క్రింద నక్షత్రమున్నచో హైదరాబాదు, చుక్కయున్నచో నోయిడా, వజ్రాకారమున్నచో ముంబాయి, ఏ గుర్తును లేనిచో కలకత్తా. వీనిని లోపములని భ్రమింపరాదు.

ఇక నిజమైన లోపములు. అచ్చు పగిలినచో లోహము ఆ పగులులోనికి చొచ్చి, నాణెముపై ఉబ్బెత్తు గీత యేర్పడును. గోటితో తడవినచో తెలియును. బిళ్ళ అచ్చు నడుమ కుదురనిచో బొమ్మ యొక ప్రక్కకు జరిగి, రెండవ ప్రక్క బోసిగా నుండును. మన యిండ్లలో పిండిరొట్టెను మూతతో కోయునపుడు మునుపు కోసిన చోటికి మూత తగిలినచో బిళ్ళకు నెలవంకవంటి కొఱత పడును గదా! రేకునుండి బిళ్ళలను కోయునపుడును అట్లే జరుగును. ముందటి నాణెము అచ్చునకు అంటుకొని యుండినచో, తరువాతి బిళ్ళకు ఒక ప్రక్క బొమ్మయు, రెండవ ప్రక్క అదే బొమ్మ అద్దములోవలె కుడియెడమలు మాఱి పల్లముగాను పడును.

టంకశాలలో కలిగినది లోపము; బయట కలిగినది దెబ్బ. మా తీరమున ఈ భేదము ముఖ్యము. 2020 నవంబరులో నివర్ తుపాను పిమ్మట జనులు బంగారపు రేణువులకై ఇక్కడి యిసుకను వెదకిరి. అట్టి యిసుకలో దొరకు నాణెముల గీతలు పల్లముగా నుండును. అవి యిసుకయు ఉప్పునీరును చేసిన పనియే.

మా వీధిలో చేపలమ్ము అవ్వ యొకతె పదిరూపాయల నాణెమును ఒక దుకాణదారుడు “ఇది పగిలినది, దొంగది” యని త్రోసివేసెను. ఆమెకది ఒక పూట నూనె. నేను గీతను తడవి చూచితిని, ఉబ్బెత్తుగా నున్నది. అది అచ్చు పగులేగాని దొంగతనము కాదని చెప్పి, వేఱొక నాణెమిచ్చి దానిని పుచ్చుకొంటిని. పదిరూపాయల నాణెములు 14 రూపములలో వెలువడినవనియు, అన్నియు చెల్లుననియు రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే ప్రకటించినది.

పాత నాణెములకు లక్షలిత్తుమని ముందుగా రుసుము లడుగువారిని నమ్మవలదని ఆ బ్యాంకే 2021లో హెచ్చరించినది. కావున, సోదర విద్యార్థులారా, నాణెములను ధనాశతో గాక జిజ్ఞాసతో చూడుడు. తెలిసిన కన్ను ఒక పేదరాలి పదిరూపాయలను నిలుపగలదు.