వికారాబాద్ నల్లరాయి, డాట్ ఐఓ దీవులు

వికారాబాద్‌కి సముద్రం ఎంత దూరం అని ఎవరైనా అడిగితే ముందు నవ్వొస్తుంది. ఎటు తిరిగినా మూడొందల కిలోమీటర్ల పైమాటే. మావైపు నీళ్లంటే అనంతగిరి గుట్టల్లో పుట్టే మూసీ, తాండూరు పక్కనుంచి పోయి భీమాలో కలిసే కాగ్నా, అవి ఎండితే బోర్లు. అంతే. అలాంటి చోటికీ, హిందూ మహాసముద్రం నడిమధ్యలో చుక్కల్లా ఉండే కొన్ని దీవులకీ చుట్టరికం ఉందంటే నేను మొదట నమ్మలేదు. దూరపు చుట్టరికం కూడా కాదు, ఒకే కడుపున పుట్టినవి. ఇంకో సంగతేంటంటే, వాటిలో కొన్ని దీవుల పేరు మన సాఫ్ట్‌వేర్ వాళ్లం రోజుకి పదిసార్లు టైప్ చేస్తుంటాం, అది దీవుల పేరని తెలీకుండానే. ఈ రెండు సంగతులూ కలిపి రాద్దామని కూర్చున్నా.

ముందు రాళ్ల గురించి. మాది తాండూరు కాబట్టి రాళ్లతోనే మొదలుపెట్టాలి, తప్పదు :)

హైదరాబాద్ నుంచి వాడీ వైపు పోయే రైలెక్కి కిటికీ పక్కన కూర్చోండి. నిజాం కాలంలో, 1874లో వేసిన లైను అది. వికారాబాద్ చుట్టుపక్కల గుట్టల మీద ఎర్రమట్టి, దాని కింద నల్లరాయి కనిపిస్తాయి. అక్కణ్ణుంచి ఓ నలభై కిలోమీటర్లు పోయి తాండూరులో దిగేసరికి రాయి మారిపోతుంది. పలకలు పలకలుగా ఊడొచ్చే సున్నపురాయి. నీలం కలిసిన బూడిద రంగుది ఒకటి, పసుప్పచ్చది ఒకటి. తాండూరు బండలంటే తెలియనివాళ్లుండరు. మీరు చదివిన హాస్టల్లోనో, మీ ఊరి బస్టాండులోనో, తాతగారింటి వరండాలోనో మీ కాళ్లకింద ఉండే ఉంటాయి. ఆ రాయి కోట్లాది ఏళ్ల కిందట ఇక్కడున్న సముద్రం అడుగున పేరుకున్న మడ్డి. అంటే సముద్రం మా ఊరికి దూరం కాదు, మా ఇంట్లో గచ్చుగా పరిచి ఉంది. మా చిన్నాయిన ఇరవయ్యేళ్లు బండల మిషన్ నడిపాడు. ఈ ముక్క చెప్తే, "అందుకేనేమోరా, కోసేటప్పుడు అన్ని నీళ్లు తాగుతది" అన్నాడు.

వికారాబాద్ నల్లరాయి కథ వేరు. అది చాలా తర్వాతది, నిప్పులోంచి వచ్చింది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట భూమి పగుళ్లలోంచి లావా పొంగి, పొర మీద పొరగా పరుచుకుంది. దక్కన్ ట్రాప్స్ అని ఇంటర్లో ఎక్కడో చదివి మర్చిపోయుంటారు. ఇప్పటికి మిగిలిందే దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్లు. పడమటి కనుమల దగ్గర దాని మందం 2 కిలోమీటర్లు దాటుతుంది, మనవైపు వచ్చేసరికి పలచబడి ఆగిపోతుంది. వికారాబాద్ ఆ లావాకి తూర్పు అంచు అనుకోండి. దక్కన్‌లో నల్లరేగడి చాలామటుకు ఆ రాయి అరిగి అయిన మట్టే.

మరి ఆ లావా ఎక్కణ్ణుంచి వచ్చింది? కుట్టుమిషన్ని ఊహించుకోండి. సూది ఉన్నచోటే ఉండి పైకీ కిందకీ ఆడుతుంది, బట్ట జరుగుతుంది, బట్ట మీద కుట్లు వరసగా పడతాయి. భూమి లోపల వేడి పొంగే చోటు ఒకటి అలా సూదిలాగా ఉంది. దాని మీదుగా మన భారతదేశం ఉన్న పలక ఉత్తరానికి జరిగింది, అదీ ఏడాదికి 15 సెంటీమీటర్ల పైచిలుకు వేగంతో (భూమి లెక్కలో ఇది రాకెట్ వేగం). మొదటి కుట్టు దక్కన్. తర్వాతి కుట్లు లక్షదీవులు, మాల్దీవులు, చాగోస్. ఆ తర్వాత మారిషస్. చివరిది రీయూనియన్ దీవి, అక్కడి అగ్నిపర్వతం ఇంకా పొంగుతూనే ఉంది. 1987లో జాయిడెస్ రిజొల్యూషన్ అనే ఓడ వెళ్లి ఈ వరస పొడుగునా సముద్రం అడుగుని తవ్వి రాళ్లు తీసింది. మాల్దీవుల కింది లావాకి సుమారు 5.7 కోట్ల ఏళ్లు, చాగోస్ కిందిదానికి సుమారు 4.9 కోట్ల ఏళ్లు అని తేలింది. మారిషస్ ఇంకా చిన్నపిల్ల, 80 లక్షల ఏళ్లు. దక్షిణానికి పోయేకొద్దీ వయసు తగ్గుతుంది. ఏ ప్రోగ్రామర్‌కైనా ఇట్లాంటి సార్టెడ్ లిస్ట్ చూస్తే మనసు చల్లబడుతుంది.

మరి మాల్దీవుల్లో నల్లరాయి ఏది, తెల్ల ఇసుకే కదా అంటారేమో. ఆ లావా కొండలు చల్లబడి, బరువుకి సముద్రంలోకి కుంగిపోయాయి. కుంగుతున్నకొద్దీ వాటి అంచున పగడాలు పైకి పెరుగుతూ వచ్చాయి. కొండ మునిగిపోయింది, పగడాల వలయం మిగిలింది. ఈ మాట డార్విన్ 1842లోనే రాశాడు. కోతి నుంచి మనిషి గొడవలో పడి ఆయన చేసిన ఈ పని జనం మర్చిపోయారు కానీ, నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది. ఓడ కప్పు మీద నిలబడి, కంటికి కనిపించని కొండని లెక్కగట్టాడు.

ఇంకో ఆశ్చర్యం. ఆ లావా పొంగిన రోజుల్లో భారతదేశం ఆసియాకి అతుక్కోలేదు, సముద్రం మధ్యలో ఒంటరిగా తేలుతోంది. అంటే అప్పుడు దీవి మనమే! మావైపు నస్కల్ అనే ఊరుంది. లావా ఒక పొర పరుచుకున్నాక మరో పొర వచ్చేలోపు ఏర్పడిన చిన్న చిన్న మడుగుల మట్టి అక్కడ రాయిగా మారి ఉంది. అందులో జీవీఆర్ ప్రసాద్, అశోక్ సాహ్ని అనే శాస్త్రవేత్తలకి ఎలకంత జంతువు పళ్లు దొరికాయి. 1988లో నేచర్ పత్రికలో అచ్చయింది. క్రెటేషియస్ కాలపు క్షీరదం ఆనవాలు భారతదేశంలో దొరకడం అదే మొదలు. దాని పేరు డెక్కనోలెస్టిస్. మా స్కూల్లో ఒక్క సారు కూడా ఈ ఊరి పేరు చెప్పలేదు. ఆఫ్రికాలో దొరికిన ఎముకల గురించి మాత్రం ఐదు మార్కుల ప్రశ్న ఉండేది.

మాల్దీవులకీ మనకీ ఇంకో బంధం మన నోట్లోనే ఉంది. జేబులో చిల్లిగవ్వ లేదు అంటాం కదా. నాణేలతో పాటు గవ్వలు కూడా చిల్లరగా చెలామణీ అయిన రోజుల్లో, మన దేశానికి వచ్చిన గవ్వల్లో పెద్ద భాగం మాల్దీవులవే. ఓడలకెత్తి బెంగాల్‌కి పంపి, బియ్యం తెచ్చుకునేవాళ్లు. వాళ్ల తీరంలో ఏరుకున్నది మన దగ్గర డబ్బు. ఇప్పుడు మన డబ్బు వాళ్ల తీరానికి హనీమూన్ ప్యాకేజీల రూపంలో పోతోంది, లెక్క సరిపోయింది.

సరే, ఇక అసలు విషయం, చాగోస్.

గిట్‌హబ్ పేజెస్, సాకెట్ ఐఓ, డ్రా ఐఓ, ఇచ్ ఐఓ. వీటన్నిటి చివర ఉండే ఐఓ అంటే ఇన్‌పుట్ ఔట్‌పుట్ అని మనకో నమ్మకం. అది ఒక దేశపు కోడ్, మన డాట్ ఇన్ లాంటిదే. బ్రిటిష్ ఇండియన్ ఓషన్ టెరిటరీ అనే ప్రాంతానికి 1997లో ఇచ్చారు. ఆ ప్రాంతమే చాగోస్ దీవులు. సుమారు 60 చిన్న దీవులు. అన్నీ కలిపినా నేల ఓ పెద్ద మండలమంత ఉండదు కానీ, నీళ్ల కింద ఉన్న గ్రేట్ చాగోస్ బ్యాంక్ 12,000 చదరపు కిలోమీటర్ల పైన, ప్రపంచంలో అతిపెద్ద పగడపు వలయం. అతిపెద్ద దీవి డీగో గార్సియా, పైనుంచి చూస్తే పాదం ముద్రలా ఉంటుంది. మీరు క్యాబ్ బుక్ చేస్తే మ్యాప్‌లో చుక్క కదులుతుందే, ఆ జీపీఎస్ ఉపగ్రహాలను కనిపెట్టుకుని ఉండే నేల కేంద్రాల్లో ఒకటి అక్కడే ఉంది. అమెరికా సైనిక స్థావరమూ అక్కడే. ఊరు మాత్రం లేదు.

ఒకప్పుడు ఉండేది. ఫ్రెంచి వాళ్లు 18వ శతాబ్దం చివర్లో ఆఫ్రికా, మడగాస్కర్ల నుంచి బానిసలను తెచ్చి కొబ్బరితోటల్లో పెట్టారు. తర్వాత దక్షిణ భారతం నుంచి వెళ్లిన కూలీలూ వాళ్లలో కలిశారు. తరాలు గడిచాయి. చర్చి, బడి, శ్మశానం, సొంత యాస, అన్నీ వచ్చాయి. 1965 నవంబర్‌లో, మారిషస్‌కి స్వాతంత్ర్యం ఇవ్వడానికి రెండేళ్లకి పైగా ముందే, బ్రిటన్ ఈ దీవులను మారిషస్ నుంచి కోసి పక్కన పెట్టుకుంది. 1966లో అమెరికాకి 50 ఏళ్లకి రాసిచ్చింది. బదులుగా పొలారిస్ క్షిపణుల మీద 1.4 కోట్ల డాలర్ల డిస్కౌంట్. మరి మనుషులు? ఐక్యరాజ్యసమితికి జవాబు చెప్పాలి కదా. అప్పుడు లండన్ ఆఫీసర్లు ఒక మాట కనిపెట్టారు: వీళ్లు అక్కడి జనం కాదు, కాంట్రాక్టు మీద వచ్చిన తాత్కాలిక పనివాళ్లు.

ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయా. మనం రోజూ వాడే మాట కదా. ముత్తాత అక్కడే పుట్టాడు, తాత అక్కడే పుట్టాడు, అయినా కాగితం మీద టెంపరరీ. మనవాళ్లు పదిహేనేళ్లుగా హెచ్‌ఒన్‌బీ మీద ఉండి, పిల్లల్ని అక్కడే కని, ఇల్లు కొనుక్కుని, ఇంకా టెంపరరీగానే ఉన్నారు. నిజమే, రెండూ ఒకటి కాదు. మనం ఇష్టపడి వెళ్లాం, తిరిగి రావడానికి ఊరుంది. వాళ్లకి ఇంకో ఊరు లేదు. కానీ మనిషి ఎక్కడివాడో ఫైల్లోని ఒక కాలమ్ తేలుస్తుందన్న భయం మాత్రం మనవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు.

1973 కల్లా 1,500 మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించారు. ముందు సరుకుల ఓడలు తగ్గించారు. వైద్యానికి మారిషస్ వెళ్లినవాళ్లను తిరిగి ఎక్కించుకోలేదు. డీగో గార్సియాలో పెంపుడు కుక్కల్ని పట్టి చంపేశారు. మిగిలినవాళ్లను కొబ్బరి మోసే ఓడలో మారిషస్‌కీ, సెషెల్స్‌కీ పంపేశారు. లిజ్బీ ఎలీసే అనే ఆవిడ 20 ఏళ్ల వయసులో, గర్భంతో, 1973 ఏప్రిల్‌లో ఆ ఓడెక్కింది. బిడ్డ దక్కలేదు. ఆవిడకి చదవడం రాదు. 2018లో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో ఆవిడ మాటల్ని వీడియోగా చూపించారు, తన క్రియోల్ భాషలోనే చెప్పింది. 2019 ఫిబ్రవరి 25న కోర్టు దీవుల్ని విడదీయడం చెల్లదని అభిప్రాయం చెప్పింది. అదే ఏడాది మే నెలలో ఐక్యరాజ్యసమితిలో ఓటింగ్ 116కి 6. చివరికి 2025 మే 22న బ్రిటన్, మారిషస్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి: దీవులు మారిషస్‌వి, డీగో గార్సియా మాత్రం 99 ఏళ్ల లీజు. తమని అడక్కుండానే తమ గురించి సంతకాలు చేశారని చాగోస్ వాళ్లలోనే చాలామంది మండిపడ్డారు.

ఇక్కడే మన డొమైన్ల గొడవ మొదలవుతుంది. ప్రాంతం పేరు పోతే ఐఎస్ఓ జాబితాలోంచి ఐఓ కోడ్ పోవచ్చు. కోడ్ పోతే డొమైన్‌ని విడతలుగా మూసేయాలని ఐకాన్ నియమం, ఐదేళ్ల గడువు, కావాలంటే ఇంకో ఐదు. యుగోస్లావియా డాట్ వైయూ 2010లో అలాగే పోయింది. సోవియట్ డాట్ ఎస్‌యూ మాత్రం దేశం 1991లో పోయినా దశాబ్దాల పాటు నడిచింది. కాబట్టి కంగారు పడక్కర్లేదు. ఒప్పందం వార్త మొదట 2024 అక్టోబర్ 3న వచ్చినప్పుడు మా ఆఫీసులో అందరూ అడిగిన ప్రశ్న కూడా ఇదొక్కటే, మన స్టేజింగ్ సర్వర్ సంగతేంటని. ఐఓ డొమైన్లు నడిపే కంపెనీ 2017లో దాదాపు 7 కోట్ల డాలర్లకి చేతులు మారింది. ఆ దీవుల్లో పుట్టినవాళ్లకి అందులో వాటా లేదు.

విచిత్రం, అదే నెల 15న సముద్రం లేని మా వికారాబాద్‌కి నౌకాదళం వచ్చింది. పూడూరు మండలం దామగుండం అడవిలో, సుమారు 2,900 ఎకరాల్లో, వీఎల్ఎఫ్ రేడియో కేంద్రానికి రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. ఆ తరంగాలు సముద్రపు నీళ్లలోకి కొన్ని మీటర్లు దిగుతాయి, జలాంతర్గామి పైకి తేలకుండానే కబురు అందుకోవచ్చు. దీన్ని చాగోస్‌తో పోల్చను. ఎవర్నీ ఓడెక్కించలేదు, దేశానికి ఇలాంటి కేంద్రం అవసరం కూడా. కానీ చెట్ల గురించి, పశువుల మేత గురించి, లోపలున్న రామలింగేశ్వరస్వామి గుడికి దారి గురించి అడిగినవాళ్లని చూసి, "అక్కడేముంది, ఖాళీ అడవే కదా" అనేవాళ్లని విన్నప్పుడు మాత్రం నాకు ఆ లండన్ ఫైళ్లు గుర్తొస్తాయి.

మేం ముగ్గురు స్నేహితులం కలిసి ఒక చిన్న టూల్ చేస్తున్నాం. పేరు దగ్గర వాదన జరిగింది. నేను డాట్ ఇన్ అన్నా. మిగతా ఇద్దరూ డాట్ ఐఓ అన్నారు, ఇన్వెస్టర్లకి అదే ఆనుతుందట. రెండు ఓట్లతో వాళ్లే గెలిచారు. ఒక్క ఏడాదికే డబ్బులు కట్టేలా మాత్రం ఒప్పించా.

దసరాకి ఇంటికెళ్లినప్పుడు ఈ ముచ్చటంతా చిన్నాయినకి చెప్పా. కుక్కల సంగతి దగ్గర ఆయన మొహం చిట్లించాడు.

"ఇప్పుడు ఆడ ఎవరుంటర్రా మరి?" అన్నాడు.

"మిలిటరీ వాళ్లుంటరు చిన్నాయినా. వాళ్లకు వండేటందుకు, ఊడ్చేటందుకు ఫిలిప్పీన్స్ నుంచి, మారిషస్ నుంచి తెచ్చిన కాంట్రాక్టు లేబర్ ఉంటరు."

"కాంట్రాక్టోళ్లని జెప్పి వాళ్లను ఎల్లగొట్టి, మల్ల కాంట్రాక్టోళ్లనే తెచ్చుకున్నరా?"

అవునన్నా. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చాయ్ తాగుదాం పా అని లేచాడు.