చెయ్యేటి ఇసుకలో సైకిల్

2021 నవంబర్ 19, కార్తీక పౌర్ణమి. వాయుగుండం ఆ తెల్లవారుజామున చెన్నై, పుదుచ్చేరి మధ్య తీరం దాటింది. మా కడప జిల్లాకు సముద్రం ఎక్కడిది? అయినా ఆ వాన చిత్తూరు వైపు కొండల్లో కురిసి పింఛా, బాహుదా ఏళ్ళలోకి దిగింది. ముందు పింఛా దగ్గర కట్ట తెగింది. ఆ నీళ్ళు వచ్చి పడేసరికి, ఆ రెండేళ్ళూ కలిసే చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయి, ఏరు ఊళ్ళ మీద పడింది. పులపత్తూరు, తొగురుపేట, మందపల్లి, గుండ్లూరు. పులపత్తూరు శివాలయంలో దీపాలు పెట్టను వచ్చినవాళ్ళలో కొందరు ఏటిపాలయ్యారు.

మా అక్కను ఇచ్చింది ఆ ఏటిగట్టునే. ఫోన్ కలవలేదు. రోడ్డు తెగిపోయి రాజంపేట నుంచి బండ్లు కదల్లేదు. సైకిలైతే తెగినచోట భుజానికెత్తుకోవచ్చని మరునాడు పొద్దున్నే నీళ్ళ క్యాను, బ్రెడ్డు, దుప్పట్లు కట్టుకొని బయలుదేరాను.

తొక్కింది తక్కువ, మోసింది ఎక్కువ. ఏటికి దగ్గరయ్యేకొద్దీ బురద పోయి ఇసుక మొదలైంది. చక్రాలు కూరుకుపోయేవి. చైన్లో ఇసుక చేరి కరకరమని, ఆఖరికి పెడలే తిరగలేదు. అరటితోట ఉండాల్సిన చోట బోరుపైపు మూరెడు మాత్రం పైకి కనబడింది. దాన్నిబట్టే అది బావ చేనని పోల్చుకున్నాను. పక్కనే ఇసుకలో ఎద్దు కాళ్ళు. ఆ వాసనలో సైకిల్ నెట్టుకుంటూ పోయాను.

ఎదురొచ్చిన పెద్దాయన "యాడికి నాయనా?" అన్నాడు. ఊరి పేరు చెప్పాను.

"ఆడ ఊరేముండాది? మిట్టమీద చూడుపో. మిగిలినోళ్ళంతా ఆడే ఉండారు."

అక్క మిట్టమీదే ఉంది, తడిచీరతో. "గొడ్లను ఇప్పను పోయిన మీ బావ రాలేదబ్బీ" అంది. బావ తర్వాత దిగువన కంపచెట్లలో దొరికాడు.

నీళ్ళు తొందరగానే దిగిపోయినాయి. ఇసుక దిగలేదు. అంతకుముందు ఇదే ఏటి ఇసుకను ట్రాక్టరు లెక్కన డబ్బు పెట్టి కొనేవాళ్ళం. చేలోకి ఊరికే వచ్చి పడ్డాక దాన్ని తీయించే స్తోమత అక్కకు లేదు. పాసుపుస్తకంలో మాత్రం అది ఇంకా చేనే.

కట్టల దిగువన ఉండేవాళ్ళకు ఒక మాట. ఎగువన వాన ఆగకుంటే ఎవరో వచ్చి చెప్తారని కాచుకోవద్దు. గొడ్ల పలుపులు రాత్రికే విప్పేసి, పిల్లల్ని తీసుకొని మిట్ట ఎక్కండి.