రోడ్డు మధ్య ఖాళీ

మా ఇంట్లో మా మెయిన్ రోడ్డుని ఎవరూ రోడ్డు అనరు, బీఆర్టీఎస్ అంటారు. "బీఆర్టీఎస్ దాటి అటేపు ఎల్లకు" అని చిన్నప్పుడు అమ్మ తిట్టేది. "బీఆర్టీఎస్ మీద కొట్టులో కొత్తిమీర తే" అని ఇప్పుడూ పంపుతుంది. ఆ నాలుగు అక్షరాల్లో మొదటిది 'బస్' అని నాకు తెలిసింది ఇంజనీరింగ్‌కొచ్చాక, ట్రాన్స్‌పోర్టేషన్ క్లాసులో. బస్ రాపిడ్ ట్రాన్సిట్ సిస్టమ్. ముందు నవ్వొచ్చింది. తర్వాత కొంచెం సిగ్గేసింది, ఎందుకో తర్వాత చెప్తాను.

మాది వేపగుంట. అమ్మ ద్వారకా నగర్‌లో ఒక బట్టల షాపులో జాకెట్లు కుడుతుంది. పొద్దున 28కే ఎక్కి కాంప్లెక్స్‌లో దిగడం, రాత్రి కాంప్లెక్స్‌లో ఎక్కి వేపగుంటలో దిగడం. పదిహేనేళ్లుగా ఇదే.

2005లో కేంద్రం జేఎన్‌ఎన్‌యూఆర్ఎం పథకం పెట్టింది. ఆ డబ్బుతో చాలా నగరాలు బస్సుల కోసం ప్రత్యేక దారులు వేశాయి. విశాఖకి రెండు కారిడార్లు వచ్చాయి. రెండూ ద్వారకా నగర్ ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గరే మొదలు, రెండూ పెందుర్తిలోనే ఆఖరు. ఒకటి ఎన్ఏడీ, గోపాలపట్నం, వేపగుంట మీదుగా. రెండోది మద్దిలపాలెం, హనుమంతువాక, అడవివరం, సింహాచలం మీదుగా. మ్యాప్ మీద గీస్తే అప్పన్న కొండ చుట్టూ గిరి ప్రదక్షిణ చేసినట్టే ఉంటుంది. రెండోది స్థలాల దగ్గర ఏళ్ల తరబడి నలిగింది. మా వైపుది మాత్రం కళ్లముందే తయారైంది. నడిమిన బస్సులకి రెండు వరసలు, అటూ ఇటూ మిగతా బళ్లకి రోడ్డు, మధ్యలో డివైడర్లు, షెల్టర్లు. స్కూల్ ఆటోలోంచి చూస్తే విదేశంలా ఉండేది!

ఈ ఆలోచన బ్రెజిల్‌లోని కురిటిబా నగరానిది. 1974లో వాళ్లు మెట్రోకి డబ్బుల్లేక బస్సుకే పట్టాల్లాంటి దారి ఇచ్చారు. మన దేశంలో అహ్మదాబాద్ 2009లో జన్‌మార్గ్ మొదలుపెట్టింది. అక్కడ కొత్త బస్సులు, స్టేషన్లు, టికెట్లు అన్నీ ఆ దారి కోసమే తయారు చేసుకున్నారు. ఢిల్లీలో 2008లో మొదలైన అంబేడ్కర్ నగర్–మూల్‌చంద్ లేన్‌ని కార్ల వాళ్ల గోల భరించలేక 2016లో పీకేశారు. విజయవాడ సత్యనారాయణపురంలో పాత రైలు పట్టాలు తీసేసిన చోట వేసిన రోడ్డుకి ఇవాళ్టికీ బీఆర్టీఎస్ రోడ్డనే పేరు. సాయంత్రం వాకింగ్‌కి బాగుంటుంది.

బొంబాయిలో తీగల కింద నడిచిన ట్రాలీబస్సు 1962లో వచ్చి 1971లో పోయింది. తీగలు తీసేస్తే కథ అయిపోయిందని అందరికీ తెలుస్తుంది. మా లేన్‌కి అలాంటి రోజేదీ లేదు. సిమెంటు అలాగే ఉంది, డివైడరూ ఉంది, పేరూ ఉంది. లోపలికి ముందు ఒక బైకు, తర్వాత ఒక కారు, తర్వాత ఇసుక లారీ. అంతే.

ఎందుకిలా అయిందని కాగితం మీద లెక్కేశాను. బస్సుకి అరవై మంది అనుకుందాం. రెండు నిమిషాలకో బస్సు వస్తే గంటకి ముప్పై బస్సులు, 1,800 మంది. కానీ పక్కన ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాడికి కనిపించేది ఆ రెండు నిమిషాల ఖాళీయే. "ఇంత రోడ్డు దండగ" అంటాడు, అది తప్పు. అదే పది నిమిషాలకో బస్సయితే గంటకి ఆరు, 360 మంది. అప్పుడూ అదే మాట అంటాడు, ఈసారి ఒప్పు! లేన్ అదే, సిమెంటు అదే. మనం రోడ్డు కొనుక్కున్నాం గానీ దాన్ని నింపే బస్సులు కొనుక్కోలేదని నాకనిపిస్తుంది. లేన్‌కి కాపలా డివైడర్ కాదు, వెనకాల వచ్చే రెండో బస్సు.

ఇక సిగ్గు సంగతి. ఫస్టియర్‌లో నాన్న పాత బైకు నా చేతికొచ్చింది. రెండేళ్లు ఆ నడిమి లేన్‌లోనే తిరిగాను. అందరూ వెళ్తున్నారు కదా. ఒక సాయంత్రం వర్షంలో గోపాలపట్నం దాటాక, పక్క రోడ్డులో ఆటోల వెనక ఒక 28కే ఇరుక్కుని కదల్లేకపోతోంది. నేను లోపల్నుంచి రయ్యిమని వెళ్లిపోయాను. ఇంటికెళ్లి మ్యాగీ చేసుకుని తినేశాను కూడా. తర్వాత ఎప్పటికో అమ్మ తడిసి వచ్చింది.

"నిన్ను సూసేన్రా, బస్సులోంచి," అంది చెప్పులు విప్పుతూ. "పిలిచేను, ఇనపళ్లేదు."

"ఎక్కడ?"

"బస్సు ఎల్లాల్సిన దాంట్లో."

తిట్టలేదు. తిడితే బాగుండేది. కాలి మడమలు నొక్కుకుంటూ కూర్చుంది. షాపులో మిషను తొక్కిన కాళ్లు, పైగా సీటు దొరకలేదు. నేను చదువుకున్న లెక్కలన్నీ చెప్పాను, బస్సులు సరిపడా లేకపోతే లేన్ పెట్టీ లాభం లేదని. అంతా విని, "అయితే నువ్వెల్లినా తప్పు లేదంటావు," అంది. దానికి సమాధానం నా పుస్తకంలో లేదు.

ఇప్పుడు మెట్రో అంటున్నారు. మొదటి దశ 46.23 కిలోమీటర్లు, మూడు కారిడార్లు. అందులో చిన్నది గురుద్వారా నుంచి పాత పోస్టాఫీసు దాకా, ద్వారకా నగర్ మీదుగానే. వేపగుంట ఆ మొదటి దశలో లేదు. అమ్మకి చెప్తే, "వచ్చినప్పుడు సూద్దాంలే, సీట్లు ఉంటాయేటి?" అంది.

మొన్న బైకు కాలేజీలో వదిలేసి కాంప్లెక్స్‌కి నడిచి వెళ్లాను. అమ్మ నన్ను చూసి, "బండేటయింది? పాడయిందా?" అని కంగారుపడింది. లేదన్నాను. ఇద్దరం కలిసి 28కే ఎక్కాం. ఎన్ఏడీ దగ్గర ఒకరు దిగితే ఆమెని కూర్చోబెట్టాను. గోపాలపట్నం దాటాక బస్సు మళ్లీ పక్క రోడ్డులోనే, ఆటోల వెనక ఆగింది. కిటికీలోంచి నడిమి లేన్ కనిపిస్తోంది. వరసగా బైకులు, ఒక కుర్రాడైతే ఫోన్ భుజానికీ చెవికీ మధ్య నొక్కుకుని.

"నీలాటోళ్లే," అంది అమ్మ, కిటికీకి తల ఆనించుకుంటూ. వేపగుంట వచ్చేదాకా లేపొద్దని చెప్పి కళ్లు మూసుకుంది.