బానెట్ కింద తాళం

కార్లు మరీ చిక్కుగా తయారయ్యాయి, కొనుక్కున్నోళ్ళు సొంతంగా రిపేరు చేసుకోలేకపోతున్నారు అని చదువుకున్నోళ్ళు వాపోతున్నారు. నాకు నవ్వొస్తుంది. మన దేశంలో కారున్న ఆసామి చేతికి గ్రీజు ఎప్పుడంటింది? అంబాసిడర్ రోజుల్లోనూ బానెట్ ఎత్తింది డ్రైవరు, బండి కింద పడుకుంది మెకానిక్కు. ఆ పడుకున్నోళ్ళలో మా వాడల్లోంచి వచ్చినోళ్ళెందరో.

మా నాయన చెప్పులు కుట్టాడు. నన్ను బెజవాడ ఆటోనగర్‌లో షెడ్డులో పెట్టాడు. బడిలో మాదిగ పిల్లోడని వెనక కూచోబెట్టారు గాని, ఇంజను నా కులం అడగలేదు. కార్బురేటర్ విప్పి కడగడం, ప్లాటినం పాయింట్లు ఎమరీ కాయితంతో రుద్దడం, ఫీలర్ గేజి పెట్టి టాపెట్లు సరిచెయ్యడం, అన్నీ చూసి, తిట్లు తిని నేర్చుకున్నాను. బండి గేటులోకొస్తుంటేనే చప్పుడుని బట్టి జబ్బు చెప్పేవాణ్ణి. నాయన నానిన తోలుని తడిమి పదును చెప్పినట్టే. పుస్తకాల్లో లేకపోయినా అదీ చదువే. 'ఒరేయ్' అన్న వూళ్ళోనే 'మేస్త్రీ' అనిపించుకున్నాను.

ఇప్పటి కార్లలో పెట్రోలు ఎంత పొయ్యాలో ఈసీయూ అనే కంప్యూటరు లెక్కగడుతుంది. సైలెన్సరు పైపులోని ఆక్సిజన్ సెన్సారు దానికి కబురు పంపుతుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధన వచ్చాక ఈ హంగు ఇంకా పెరిగింది. పొగ తగ్గింది. షెడ్డులో ఆ పొగ పీల్చింది మేమే, అందుకని నేను దాన్ని కాదనను. కొత్త విద్యంటే మాకు బెదురు లేదు. సెల్‌ఫోన్లు విప్పి బాగుచేసే మా పిల్లలకి సెన్సారొక లెక్కా?

తంటా అంతా వేరే చోట వుంది. జబ్బు కోడ్ చదివే చవక స్కానరు నా దగ్గరా వుంది. కానీ చాలా డీజిల్ బళ్ళకి ఇంజెక్టరు మార్చితే దాని కోడ్ కంప్యూటరులో ఎక్కించాలి. అందుకు కావలసిన సాఫ్ట్‌వేరు కంపెనీ గుప్పిట్లో వుంటుంది. విడిభాగాలు, పరీక్ష పరికరాలు బయటి మెకానిక్కులకి అందనివ్వడం లేదని కాంపిటీషన్ కమిషన్ 2014లో 14 కార్ల కంపెనీలకి 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్ళకెళ్ళాయి. 2022లో కేంద్రం రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది. మా షెడ్డు దాకా మాత్రం సాఫ్ట్‌వేరు రాలేదు.

అక్షరాలు మీ బుర్రకెక్కవని మా తాతల్ని బడి బయట నిలబెట్టారు. కొత్త కార్లు మీ బుర్రకెక్కవని ఇప్పుడు మమ్మల్నంటున్నారు. ఎక్కకపోవడం కాదు, ఎక్కనివ్వకపోవడం. చిక్కుముడైతే మా చేతులే విప్పుతాయి. వేసిన తాళాన్ని మాత్రం అందరం కలిసి అడిగి తీయించాల్సిందే.