మెరుగు పెట్టిన సిక్కాలు

గత సంవత్సరం షాబాన్ మాసంలో మా చిన్నమ్మాయి నికాహ్ నిశ్చయమైంది. ముహూర్తానికి పది రోజుల ముందు మా అమ్మీ తన పాత ట్రంకుపెట్టె తెరిపించి, అడుగునుంచి ఒక గుడ్డసంచి తీయించి నా చేతిలో పెట్టింది. అందులో ఏడు సిక్కా రూపాయలున్నాయి. అవి మా నానీ మహర్ సొమ్ములో మిగిలినవి. నల్గొండ జిల్లాలోని ఒక పల్లెలో, నిజాం పాలనలో, మా నానా తన భార్యకు రొక్కంగా చెల్లించిన మహర్ అది. కరువులో కొన్ని, జబ్బులలో కొన్ని ఖర్చయిపోగా ఈ ఏడు నిలిచాయి. ‘‘నా తరువాత నీ బిడ్డకివ్వు’’ అని నానీ మా అమ్మీతో అన్నదట. అమ్మీకి ఆడమనుమరాళ్ళలో ఇక పెళ్ళి కావలసినది ఈ పిల్ల ఒక్కతే.

సిక్కాలు నల్లగా ఉన్నాయి. పెనం అడుగు నలుపు కాదు. నేరేడుపండు తొక్కలా, వెలుతురులో అక్కడక్కడా నీలం తేలే నలుపు. ఒక వైపున చార్మినార్ కనిపిస్తుంది గాని మెరుపు లేదు. పెళ్ళికూతురి చేతిలో ఇలాంటివి పెట్టడమా అనిపించింది. అలా అనిపించడానికి కారణం మా మేనల్లుడి ఇంట్లో చూసిన నాణేలు. ఆ సంగతి ముందు చెప్పాలి.

మేనల్లుడు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కొండాపూర్‌లో పదకొండవ అంతస్తులో కాపురం. ఆదివారాలు అతని పిల్లలకు ఖుర్ఆన్ చెప్పడానికి నేను మలక్‌పేటలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగుతాను. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి నేను చదువు ముగించి దర్స్ చెప్పడం మొదలుపెట్టి ఎంతో కాలం కాలేదు. ఆ గుండ్రని భవనాన్ని చూడటానికి అప్పట్లో నగరం నుంచి జనం బయలుదేరి వచ్చేవారు. దాని చుట్టూ బండరాళ్ళు, తుప్పలు తప్ప మరేమీ ఉండేవి కావు. ఇప్పుడు అదే భవనం అద్దాల మేడల నడుమ చిన్నబోయి నిలబడి ఉంటుంది.

మేనల్లుడికి స్మారక నాణేల పిచ్చి. ఒక ఆదివారం పాఠం అయిపోయాక అతడు బీరువా తెరిచి, తెల్లని నూలు చేతితొడుగులు వేసుకుని రెండు నాణేలను బల్లమీద పక్కపక్కన పెట్టాడు. రెండూ నందమూరి తారక రామారావు శతజయంతికి వెలువడిన 100 రూపాయల నాణేలే. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ఢిల్లీలో విడుదల చేసినవి. ముద్రించింది మన హైదరాబాద్ టంకశాల. అంటే నగరానికి తూర్పు కొసనున్న చర్లపల్లిలో పుట్టి, పడమటి కొసనున్న కొండాపూర్‌కు వచ్చి చేరాయన్నమాట. ఒక్కొక్కటి 44 మిల్లీమీటర్ల వెడల్పు, 35 గ్రాముల బరువు. సగం వెండి, నూటికి 40 పాళ్ళు రాగి, మిగిలినది నికెల్, జింకు. అచ్చు ఒకటే, లోహం ఒకటే. అయినా ఒకటి అద్దంలా ఉంది, రెండవది పాలమీగడలా ఉంది.

‘‘మామూ, ఇది ప్రూఫ్, అది యూఎన్‌సీ’’ అన్నాడు.

ప్రూఫ్ అంటే రుజువు కదా, ఏమిటి రుజువు అని అడిగాను. అచ్చు సరిగా పడుతున్నదో లేదో చూడటానికి పూర్వం మొట్టమొదట కొట్టి చూసుకునే నాణేన్ని అలా పిలిచేవారట. ఇప్పుడది ఒక పనితనానికి పేరైంది. అచ్చులో చదునుగా ఉండే భాగాన్ని అద్దమయ్యేదాకా నునుపు చేస్తారు. బొమ్మ పడే భాగాన్ని మాత్రం గరుకుగా ఉంచుతారు. ఖాళీ బిళ్ళకు కూడా ముందే మెరుగు పెడతారు. మామూలు నాణెం ఒక్క దెబ్బతో తయారైతే, దీనికి నిదానంగా రెండు మూడు దెబ్బలు వేస్తారు. అందుకే నేల అద్దంలా మెరుస్తుంది, బొమ్మ మంచు పట్టినట్టు తెల్లగా తేలుతుంది. యూఎన్‌సీకి ఇంత తతంగం లేదు. చలామణిలోకి వెళ్ళని తాజా నాణెం, అంతే. విడుదలైన రోజుల్లో చెక్కపెట్టెతో 4,850 రూపాయలకు, అట్టమడతలో ప్రూఫ్ 4,380కి, యూఎన్‌సీ 4,050కి అమ్మారు. అట్టమడతలు రెండింటినీ పోల్చితే, మెరుగు ఖరీదు 330 రూపాయలని తేలుతుంది. చెక్కపెట్టె ఖరీదు అంతకన్నా ఎక్కువ!

ఆ రోజు అతడు నాణేలు తీసింది నాకు చూపించడానికి కాదు, జకాతు సంగతి అడగడానికి. సగం వెండి, సగం ఇతర లోహమైతే దాన్ని వెండిగా లెక్కించాలా? వెండి ఎక్కువైతే వెండి, కల్తీ ఎక్కువైతే సరకు. సరిసమానమైతే, జాగ్రత్త కోసం జకాతు విధిగానే భావించాలన్నది మా హనఫీ గ్రంథాలు ఎంచుకున్న మాట. అది చెప్పాను. మరి మెరుగుకు జకాతు ఉందా అన్నాడు. ఈ ప్రశ్న నన్ను సంతోషపెట్టింది. ఫిఖ్హ్ పాఠంలో ఏటా మేము చెప్పే ఒక వెండి కూజా ఉంది. దాని బరువు 200 దిర్హములు. పనితనం వల్ల దాని విలువ 300. జకాతును ఆ వెండి నుంచే ఇస్తే ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) దృష్టిలో బరువే లెక్క, 5 దిర్హములు చాలు. బంగారం వంటి వేరే జాతితో ఇస్తే మాత్రం పనితనంతో కూడిన విలువ లెక్కకు వస్తుంది. విద్యార్థులు ఆ కూజాను పరీక్ష కోసం బట్టీ పడతారు. అది కొండాపూర్‌లో పదకొండవ అంతస్తులో నాకు ఎదురవుతుందని ఎన్నడూ అనుకోలేదు. నువ్విచ్చేది రూపాయల నోట్లు కనుక, ఈ రోజు బజారులో పలికే ధర చూడమన్నాను. వంద రూపాయల నాణేన్ని నాలుగు వేలకు కొనడం మీద కూడా ఒక ప్రశ్న వేశాడు. నేను ముఫ్తీని కాను, దానిని వారి ముందుంచమన్నాను.

కాసేపటికి అతని స్నేహితులు ముగ్గురు వచ్చారు. నాణేలు చూసుకోవడానికి నెలకొకసారి ఎవరో ఒకరింట కలుస్తారట. టీ తాగుతూ వాళ్ళు వాదించుకుంటుంటే మా ఉస్తాదుల ఇఖ్తిలాఫ్ గుర్తుకు వచ్చింది. అందులో ఒకరు పదవీ విరమణ చేసిన బ్యాంకు ఉద్యోగి. టంకశాల చేతిలో ఎంత విద్య ఉందో ప్రూఫ్ ఒక్కటే చెబుతుందని ఆయన మాట. ఆ పక్కనున్న అమ్మాయి ఒప్పుకోలేదు. యూఎన్‌సీ నాణేన్ని దీపం కింద మెల్లగా వంచి చూపింది. బండిచక్రం ఆకుల్లా వెలుగు గీతలు దానిమీద గుండ్రంగా తిరిగాయి. అచ్చు దెబ్బకు లోహం లోపలినుంచి అంచుకు పారిన జాడ అదేననీ, అది నాణెం సొంత కాంతి అనీ, ప్రూఫ్‌లో ఉన్నది అరువు తెచ్చుకున్న కాంతి అనీ ఆమె అన్నది. నాకు ఆమె మాటే సబబుగా తోచింది. మూడవ యువకుడికి ఈ రెండూ గిట్టవు. మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ 125వ జయంతి 5 రూపాయల నాణెం అతనికి బస్సు కండక్టరు ఇచ్చిన చిల్లరలో దొరికిందట. అంచు అరిగింది, మౌలానా టోపీ మీద గీత పడింది. చేయి మారనిది నాణెం కాదు, పతకం అని అతని తీర్పు.

ఆ తరువాత మాట విదేశాలకు పోయింది. కెనడా టంకశాల 2004లో ఎర్రని గసగసాల పువ్వు రంగు అద్ది 25 సెంట్ల నాణేన్ని చలామణిలోకి వదిలింది. చేతులు మారగా చాలా నాణేల మీద ఆ ఎరుపు రాలిపోయింది. అమెరికా 2006లో ప్రూఫ్‌ను తలకిందులు చేసి, నేలను మంచులా, బొమ్మను అద్దంలా చేసిన వెండి నాణేన్ని తెచ్చింది. ఇప్పుడు కొన్ని దేశాలు కొత్త వెండి నాణేన్ని మందుతో నల్లబరచి, ఉబ్బెత్తు భాగాలను మాత్రం రుద్ది, వందల ఏళ్ళనాటి దానిలా చేసి అమ్ముతున్నాయి. దానికి పురాతన మెరుగు అని పేరు. ‘‘రేపు పుట్టబోయే బిడ్డకు నేడే గడ్డం అతికిస్తున్నారు’’ అని చిల్లర నాణేల యువకుడు నవ్వాడు.

అప్పుడు నేను అస్ర్ నమాజుకు లేచాను. వాళ్ళు నలుగురూ ఏకీభవించిన ఒకే ఒక్క విషయం నేను లేచాకనే వచ్చిందని తరువాత తెలిసింది. పాత నాణేన్ని ఎన్నడూ తోమకూడదు.

నా కళ్ళలో నిలిచినది ఆ ప్రూఫ్ అద్దమే. అమ్మీ సంచి ఇచ్చిన రాత్రి సిక్కాలను కుంకుడుకాయ రసంలో నానబెట్టాను. తెల్లవారి పళ్ళపొడి వేసి, పాత నూలుగుడ్డతో ఒక్కొక్కటీ అరగంటసేపు రుద్దాను. తెల్లగా వచ్చాయి. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. ఆరింటినే రుద్దాను, ఏడవదానికి ఎప్పుడో మెడలో వేసుకోవడానికి కొక్కెం అతికించారు, అది ఊడుతుందేమోనని భయపడి వదిలేశాను.

వాటికి గుండ్రని పారదర్శక డబ్బీలు అడుగుదామని ఆదివారం కొండాపూర్‌కు తీసుకుపోయాను. మేనల్లుడు సంచి విప్పి చూసి చాలాసేపు మాట్లాడలేదు. పెద్దవాణ్ణి కదా, నన్ను ఏమీ అనలేక భూతద్దం తెచ్చి నా చేతికిచ్చాడు. చార్మినార్ చుట్టూ నేలంతా సన్నని గీతలు, ఎండిన చెరువు మట్టిమీద పిచ్చుకలు నడిచినట్టు.

ఆ పైన అతడు చదివిస్తుంటే నేను చదివాను. చార్మినార్ తోరణంలో ‘ఐన్’ అక్షరం, ఉస్మాన్ అలీఖాన్ పేరుకు గుర్తు. అతని తండ్రి మహబూబ్ అలీఖాన్ నాణేల్లో అక్కడ ‘మీమ్’ ఉంటుందట. చార్మినార్ పైన 92 అంకె. అబ్జద్ లెక్కలో ముహమ్మద్ (స) నామంలోని అక్షరాల మొత్తం అది. ఆ లెక్క నాకు వచ్చు గాని, మా ఇంటి సిక్కా మీద అది ఉన్నదని ఏభై ఏళ్ళుగా నేను చూడలేదు. హిజ్రీ 1330ల నాటి ముద్రలు. అంటే 1903లో సైఫాబాద్‌లో ఏర్పడిన టంకశాలలో యంత్రం మీద కొట్టినవి. 1997లో టంకశాల చర్లపల్లికి తరలిపోయింది. ఆ పాత ప్రాంగణంలో 2022లో మ్యూజియం తెరిచారు. కాబట్టి ఎన్టీఆర్ నాణేనికీ, నానీ సిక్కాకూ పుట్టిల్లు ఒకటే. అప్పటి ఏడు హాలీ సిక్కాలు దాదాపు ఆరు కల్దార్ రూపాయలకు సమానం. భారత రూపాయితో పాటు 1959 దాకా అవీ చెల్లాయి.

‘‘ఆ నలుపు మురికి కాదు మామూ’’ అన్నాడు చివరికి. గాలిలోని గంధకం వెండిని తాకి, ఏళ్ళ తరబడి పొరగా కూర్చున్నదట. సిక్కాను అది తినెయ్యలేదు, కప్పి కాపాడింది. పళ్ళపొడిలోని సుద్ద ఆ పొరతో పాటు వెండిని కూడా గీకింది. ఆ విదేశీ పురాతన మెరుగుకు జనం డబ్బిచ్చి కొంటున్నారన్న మాట అతడు ఎత్తలేదు. నాకే గుర్తుకు వచ్చింది. ఎంత నష్టమని అడిగాను. అమ్మే ఉద్దేశం ఉందా అన్నాడు. లేదన్నాను. అయితే లెక్క ఎందుకన్నాడు.

అమ్మీకి చెప్పకుండా ఉండాలనే అనుకున్నాను. ఆమె చూపు మందగించింది, గుర్తుపట్టదనుకున్నాను. పెళ్ళికి రెండు రోజుల ముందు తానే సంచి తెమ్మన్నది. ఒక్కొక్క సిక్కాను కిటికీ వెలుతురులో పట్టుకుని చూసి పక్కన పెట్టింది. ‘‘ఇవి మా అమ్మవి కావు బేటా. ఎక్కడ మార్చావు?’’ అన్నది.

మార్చలేదని, తోమానని చెప్పాను. నమ్మడానికి కొంతసేపు పట్టింది. కోపపడలేదు, కోపపడి ఉంటే బాగుండేది. నానీ శుక్రవారం శుక్రవారం సంచి విప్పి, నూనె అంటిన చేతులతోనే సిక్కాలను లెక్కపెట్టుకునేదని, అరచేయి నల్లబడేదని, ఆ చేత్తోనే తన తల నిమిరేదని మెల్లగా చెప్పింది. కొక్కెమున్న సిక్కా చేతికి రాగానే ఆగిపోయింది. అతికించిన కొక్కెం వల్ల నాణేల వాళ్ళ బజారులో దానికి అందరికన్నా తక్కువ ధర అని మేనల్లుడు నాతో అన్నాడు. అమ్మీ దానిని ముక్కు దగ్గర పెట్టుకుని, కొంగులో ముడివేసుకున్నది. నికాహ్ రోజు పిల్లకు ఇచ్చింది ఆ ఒక్కటే.

మిగిలిన ఆరింటినీ మళ్ళీ నల్లబరచే మందులున్నాయి. అవి వాడవద్దని, సాదా కాగితంలో చుట్టి గాలి తగిలే చోట వదిలేయమని మేనల్లుడు చెప్పాడు. ఇప్పుడవి నా కితాబుల అలమారలో ఉన్నాయి. మొన్న బక్రీదుకు తీసి చూశాను. ఒకదానిమీద, తోరణంలోని ఐన్ చుట్టూ, ఎండుగడ్డి రంగు సన్నగా మొదలైంది.