గులాబీ పురుగు మొండిది ఎట్లా అయింది?

పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

"పురుగు బీటీకి అలవాటు పడ్డది" అని మనందరం అంటుంటాం. నిజానికి ఏ ఒక్క పురుగూ అలవాటు పడదు. బీటీ కాయ కొరికిన పురుగు చస్తే చస్తది, లేకపోతే బతుకుతది. మారేది పురుగు కాదు, పురుగుల మంద.

ఎట్లనో చూడండి. మన ఊరి చేలన్నిట్లో కలిపి పది లక్షల గులాబీ పురుగులు ఉన్నయనుకుందాం. అన్నీ ఒక్కలాగ ఉండవు. అందులో ఏ పదింటికో పుట్టుకతోనే బీటీ విషం ఎక్కదు. బీటీ లేని రోజుల్లో ఆ గుణంతో వాటికి లాభమేమీ లేదు, మందలో కలిసిపోయేవి. ఊరంతా బీటీ వేస్తే మిగతావన్నీ చచ్చి ఆ పదే మిగులుతయి. వాటిలో అవే జత కడతయి. ఒక్కో ఆడది వందకు పైగా గుడ్లు పెడతది. పిల్లలన్నీ మొండివే. మనం మంచి కంకులు ఏరి విత్తనానికి దాచినట్టే, బీటీ చేను మొండి పురుగును ఏరి విత్తనానికి పెట్టింది. పుస్తకాల్లో దీన్నే ప్రకృతి వరణం అంటారు.

మన దేశంలో బీటీ పత్తికి 2002లో, బీజీ-2కు 2006లో అనుమతి వచ్చింది. మొదటి బీటీని గుజరాత్‌లో గులాబీ పురుగు తట్టుకుంటోందని 2010లో బయటపడింది. ఇంకొన్నేళ్లకే బీజీ-2 వంతు కూడా వచ్చింది.

మరి శనగపచ్చ పురుగు ఇంత తొందరగా ఎందుకు మొండికెత్తలేదు? అది కంది, శనగ, టమాట అన్నీ తింటది. ఆ పంటల్లో బీటీ లేదు. అక్కడ పెరిగిన మామూలు పురుగులు వచ్చి మొండివాటితో కలుస్తయి. గులాబీ పురుగుకు దాదాపు పత్తే దిక్కు.

బీటీ ప్యాకెట్‌తో ఇచ్చిన 120 గ్రాముల నాన్‌ బీటీ విత్తనం అందుకే. మొండితనం పూర్తిగా పనిచేయాలంటే అది తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా రావాలి. నాన్‌ బీటీ సాళ్లలో బతికిన మామూలు పురుగుతో మొండిది జత కడితే, ఆ పిల్లలు చాలావరకు బీటీ కాయ తిని చస్తయి. కొన్ని ప్యాకెట్లలో కంది గింజలు వచ్చేవి. గులాబీ పురుగు కంది తినదు కాబట్టి దాని విషయంలో అవి ఉపయోగపడవు.

అమెరికాలోని అరిజోనా రైతులు నాన్‌ బీటీ పత్తిని నియమం ప్రకారం వేశారు. అక్కడ బీటీ ఏళ్ల తరబడి పనిచేసింది. 2006 నుంచి సంతానం కలగకుండా చేసిన రెక్కల పురుగులను విమానాలతో వదిలారు. తమ పత్తి ప్రాంతాల్లో గులాబీ పురుగు లేకుండా పోయిందని 2018లో అమెరికా ప్రకటించింది.

మన చేతిలో ఉన్నది ఏంటంటే మందకు తిండి ఆపడం. పూత, కాయ ఉన్నంతకాలం తరం మీద తరం పుడుతనే ఉంటది. డిసెంబర్ ఆఖరుకు పంట తీసేస్తే గొలుసు తెగుతది. పురుగు గింజల్లో, ఎండు కాయల్లో నిద్రపోతది కాబట్టి పత్తి కట్టెను గట్టు మీద కుప్ప పెట్టకండి, ముక్కలు చేసి భూమిలో కలపండి. లింగాకర్షక బుట్టలు పెట్టి, ఒక్కో బుట్టలో రోజుకు 8 చొప్పున వరుసగా 3 రోజులు పడితేనే మందు కొట్టండి. ఒకే మందు పదే పదే కొడితే ఆ మందుకూ ఇదే కథ.

రెక్కల పురుగుకు గట్టు తెల్వదు. మీరొక్కరు పీకి, పక్క చేను మార్చి దాకా ఉంటే ఫలితం సగమే. అందుకే ఊళ్లో నలుగురూ కూర్చొని, పత్తి పీకడానికి ఒక తారీఖు పెట్టుకోండి.